టీపాట్‌కి మూడు స్టార్లు, డబ్బాకి ఐదు

రెండు వస్తువుల గురించి రాస్తున్నాను. ఒకటి ఆన్‌లైన్‌లో 649 రూపాయలకు తెప్పించుకున్న గాజు టీపాట్. రెండోది మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్లో 180 రూపాయలకు కొన్న రెండు మూతల డబ్బా. కొన్న రోజుల్లో నా సరదా అంతా టీపాట్ మీదే. డబ్బా అంటారా, అవసరం కొద్దీ కొన్నది. ఏడాదిన్నర గడిచేసరికి టీపాట్ పదిహేను రోజులకోసారి అలమరలోంచి దిగుతోంది. డబ్బా మాత్రం రోజూ పనిలోనే ఉంటోంది.

అసలు మా ఇంట్లోకి ఆకు టీ ఎలా వచ్చిందో చెప్పాలి. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. మా వైపు ఏ ఊరు వెళ్లినా ఆర్మీ ఇళ్లు నాలుగైదు కనిపిస్తాయి, అదేం వింత కాదు. వాడికి సిలిగురి దగ్గర పోస్టింగ్ పడ్డాక సెలవుకి వచ్చినప్పుడల్లా పావుకిలో డార్జిలింగ్ టీ పట్టుకొస్తున్నాడు. మొదటిసారి తెచ్చినప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రోజూ పెట్టినట్టే పాలూ నీళ్లూ కలిపి, అల్లం దంచి వేసి, రెండు చెంచాల ఆకు పడేసి తెగ మరిగించాను. పాలు తెల్లగానే ఉన్నాయి. ఇంకో రెండు చెంచాలు వేశాను. రంగు కొద్దిగా, వగరు బోలెడు వచ్చాయి. మా అత్తయ్య ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు. "మీ తమ్ముడు అంత దూరం నుంచి ఎండుటాకులు మోసుకొచ్చాడేటే?" అన్నారు.

మిగిలిన ప్యాకెట్టు నోటికి బట్టల క్లిప్పు పెట్టి వంటింటి అలమరలో పడేశాను. పక్కన ఇంగువ, ధనియాల పొడి, సాంబారు పొడి. ఆరు నెలలకి తమ్ముడు మళ్లీ వచ్చి, నా మీద నమ్మకం లేక తనే పెట్టుకున్నాడు, పాలు లేకుండా. గుక్క మింగి నా మొహంలోకి చూశాడు.

"ఏటప్పా, టీలో ఇంగువేశావేటి?"

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. గాలిలో తేమ, ఆవిరి, సాంద్రీకరణం ఏటా బోర్డు మీద రాసేదాన్ని. అయినా ఈ సంగతి తట్టలేదు. టీ ఆకు ఫ్యాక్టరీలో బాగా ఎండబెట్టిన సరుకు, అందులో మిగిలే తేమ నూటికి మూడు పాళ్లు, కాస్త అటూ ఇటూ. అంత పొడిగా ఉన్నది చుట్టుపక్కల ఏం దొరికితే అది పీల్చుకుంటుంది, తేమైనా వాసనైనా. చైనావాళ్లు మల్లెపూల టీ చేసేది ఈ గుణం పట్టుకునే. ఆకునీ మల్లెపూలనీ కలిపి రాత్రంతా ఉంచి, తెల్లారాక పూలు ఏరేస్తారు, వాసన ఆకులో ఉండిపోతుంది. మల్లెల్ని పీల్చే ఆకు ఇంగువని వద్దంటుందా?

ఆ పరువు తక్కువ తర్వాతే టీపాట్ ఆర్డరు పెట్టాను. తప్పు టీ పెట్టడంలో ఉందనుకున్నాను గానీ, ఆకుని దాచడంలో ఉందని అప్పటికి ఇంకా ఎక్కలేదు.

టీపాట్ సంగతి. బోరోసిలికేట్ గాజు, 600 మిల్లీలీటర్లు, లోపల చిల్లుల స్టీలు బుట్ట, పైన కర్ర బొడిపె ఉన్న స్టీలు మూత. ప్యాకింగ్ బాగుంది, ఎక్కడా పగుల్లేదు. మా స్కూలు ల్యాబ్‌లో బీకర్లది కూడా ఇదే గాజు. వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సలసల మరిగే నీళ్లు పోసినా మామూలు గాజుగ్లాసులా టప్పున చిట్లదు. అలాగని వేడిగా ఉన్నదాన్ని తడి గట్టు మీద పెట్టే ధైర్యం నాకు లేదు, కింద మడతపెట్టిన గుడ్డ వేస్తాను. పిడి వేడెక్కదు. మూతికి మాత్రం కారే జబ్బుంది. నెమ్మదిగా వంపితే టీ కప్పులోకి కాకుండా పాట్ గడ్డం కిందినుంచి టేబుల్ మీదికి వెళ్తుంది. మొహమాటం లేకుండా ఒక్కసారిగా వంచితే కారదు. మూతకి పట్టు లేదు, వంచినప్పుడు వేలితో అదిమి పట్టుకోవాలి.

చూడ్డానికి మాత్రం వంక పెట్టలేం. ఎండి మెలితిరిగిన నల్లటి ముక్క, గోరంత కూడా ఉండదు, నీళ్లు తగిలాక మెల్లగా ఒళ్లు విరుచుకుంటుంది. నిమిషం దాటితే దాని అంచున రంపపు పళ్లు కనిపిస్తాయి. బుట్ట చిల్లుల్లోంచి తేనె రంగు తీగలు తీగలుగా కిందికి దిగుతుంది. మా పాప మొదటి వారం రోజులూ ఇదే వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంది. తాగింది మాత్రం బూస్టు.

అసలు లోపం వేరే ఉంది. బుట్ట పాట్ అడుగుదాకా దిగదు, మూడు వేళ్ల ఎడం ఉంటుంది. అమ్మేవాళ్ల ఫోటోలో అడుగు తాకుతున్నట్టే కనిపించింది. ఒక్క కప్పుకని 200 మిల్లీలీటర్లు పోశానా, నీళ్లు కింద ఆగిపోయాయి, ఆకు పైన పొడిగా కూర్చుంది. కొలజాడీతో కొలిచి చూశాను. నీళ్లు బుట్ట అడుక్కి తగలడానికి 250 పట్టింది, ఆకు పూర్తిగా మునగడానికి 400. అంటే ఇద్దరికి తక్కువ పెట్టుకోలేం. మా ఇంట్లో పాలు లేని టీ తాగేది నేనొక్కదాన్ని! ఫిర్యాదు చేస్తే "కొలతలు పేజీలో ఇచ్చాం మేడం" అని జవాబిచ్చారు. పాట్ కొలతలు ఇచ్చారు, నిజమే. బుట్ట కొలత ఎక్కడా లేదు. తిప్పి పంపే గడువు దాటిపోయింది, ఉంచేసుకున్నాను. ఇలాంటిది కొనేవాళ్లు వేరే ఏం చూడకపోయినా బుట్ట ఎంత లోతుకి దిగుతుందో అడిగి కొనండి.

ఇప్పుడు రోజూ నేను టీ పెట్టుకునేది చిన్న స్టీలు గిన్నెలో. నీళ్లు మరిగాక స్టవ్ ఆపేస్తాను. బుడగలు అణిగి ఒక నిమిషం పోయాక ఆకు వేసి పళ్లెం మూత పెడతాను. మూడు నిమిషాలకి ఫోను మోగుతుంది, మామూలు టీ జల్లెడతో వడకట్టుకుంటాను. గిన్నెలో ఆకు విచ్చుకోవడానికి బుట్టలో కంటే చోటెక్కువ, రుచి ఒక్క పిసరు కూడా తగ్గలేదు. పైసా ఖర్చు లేదు. ఈ ముక్క నాకు 649 రూపాయలు కట్టాక తెలిసింది.

మూడు నిమిషాలు అన్నాను కదా, అక్కడ కచ్చితంగా ఉండాలి. ఐదు దాటితే వగరు నాలుకని పట్టేస్తుంది. మనం రోజూ వాడే టీపొడి సీటీసీ. 1930ల్లో అస్సాంలో వచ్చిన పద్ధతి అది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకుని నలిపి, చింపి, గుండ్రంగా చుట్టేస్తారు. అలా ముక్కలైంది కాబట్టి రంగూ సారం చప్పున దిగిపోతాయి, పాలని తట్టుకుంటాయి, మరిగిస్తే ఇంకా చిక్కబడతాయి. డార్జిలింగ్ ఆకుని అలా చింపరు, మెలిపెట్టి వదిలేస్తారు. దాన్ని పాలల్లో మరిగించడం అంటే కొత్త ఆవకాయని పోపు పెట్టి ఉడకబెట్టడమే.

చెంచా లెక్క కూడా కుదరదు. ఒకరోజు టీపొడీ ఆకూ చెరో పొట్లం కట్టుకుని స్కూలుకి పట్టుకెళ్లి ల్యాబ్ తక్కెడలో తూచాను. తలకొట్టిన చెంచాడు పొడి రెండు గ్రాములు తూగింది, అదే చెంచాతో ఆకు గ్రాము మీద కాస్త. ఆకులో ఖాళీలెక్కువ మరి. 200 మిల్లీలీటర్ల కప్పుకి రెండు, రెండున్నర గ్రాములు కావాలి, అంటే రెండు చెంచాలు. వడకట్టిన ఆకుని పారెయ్యను, సాయంత్రంలోపు ఇంకోసారి వేడినీళ్లు పోస్తే, ఈసారి ఐదు నిమిషాలు, రెండో కప్పు వస్తుంది. మొదటి దానంత కాదు గానీ తాగొచ్చు.

తమ్ముడు తెచ్చే ఆకు అన్నిసార్లూ ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో కోసే మొదటి కోతది లేతగా, కొంచెం పచ్చి వాసనతో ఉంటుంది. దానికి మరిగిన నీళ్లని ఇంకో నిమిషం ఎక్కువ ఆరనిస్తాను. మే, జూన్‌లో వచ్చే రెండో కోతలో పండిన ద్రాక్షలాంటి వాసన వస్తుంది, నాకదే ఇష్టం. ఒకసారి చవగ్గా దొరికిందని వానాకాలం కోత తెచ్చాడు. రంగు దండిగా ఉంది, వాసన లేదు. డార్జిలింగ్ పేరుకి 2004-05లో జీఐ, అంటే సరుకు పుట్టిన చోటుని బట్టి ఇచ్చే గుర్తింపు వచ్చింది, మన దేశంలో ఆ గుర్తింపు అందుకున్న మొదటి సరుకు అదే. అందుకని ప్యాకెట్టు మీద ఆకు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ముద్ర ఉందో లేదో చూసి తెమ్మంటాను. ఏ కోతో మాత్రం ఆ ముద్ర చెప్పదు, అడిగి తెలుసుకోవాల్సిందే.

నీళ్లు. మాకు నెల్లిమర్ల వైపు నుంచి వచ్చే కుళాయి నీళ్లున్నాయి, పెరట్లో బోరు ఉంది. బోరు నీళ్లతో పెడితే టీ మీద పాలపొరలాంటి సన్నటి తెట్టు కట్టి కప్పు అంచుకి అంటుకుంటుంది. కాల్షియం ఎక్కువున్న కఠిన జలంతో వచ్చే తంటా అది. కుళాయి నీళ్లతో తెట్టు రాదు. కుళాయి రాని రోజు టీ మానేస్తాను గానీ బోరు నీళ్లతో పెట్టను.

ఇక డబ్బా. అసలు రివ్యూ ఇక్కడ మొదలవుతుంది.

ఇంగువ గొడవ తర్వాత రెండోసారి తెచ్చిన ఆకుని మరీ జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టాను. సైన్సు టీచర్ని కదా! ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లసీసాకి బయట చెమట పట్టినట్టే, మూత తీసిన ప్రతిసారీ ఆ చల్లటి ఆకు మీదికి మన గాలిలోని తేమ చేరుతుంది. మూడు వారాలకి ఆకు వేళ్ల మధ్య విరగడం మానేసి వంగడం మొదలెట్టింది. మూడోసారి గాజుసీసాలో పోసి, అందంగా ఉంది కదా అని కిటికీ పక్కన పెట్టాను. వెలుతురు తగిలితే ఆకు చెడుతుందని పండగలకని బీరువా లోపల దాచే పట్టుచీరలకి తెలిసినంత కూడా నాకు తెలియలేదు. రెండు నెలలకి వాసన పోయి గడ్డిలా అయింది.

మా ఊళ్లో వానాకాలం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఉప్పు నీరవుతుంది, అప్పడం వేయించి స్టవ్ ఆపేలోపు మెత్తబడుతుంది, అగ్గిపుల్ల అరడజను గీస్తే ఒకటి వెలుగుతుంది. ఈ గాలిలో టీ ఆకు నిలవాలంటే మంచి డబ్బా తప్ప దారి లేదు.

కొట్లో రెండు మూతల డబ్బాలు వరసగా ఉన్నాయి, ఇళ్లల్లో నెయ్యికి వాడేవి. పైకి అన్నీ ఒకటే. లోపలి మూత బిగువుగా కూర్చుంటుందో లేదో తెలిసేదెలా? నీళ్లు పోసి, లోపలి మూత అదిమి, తిరగేసి చూపించమన్నాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. మొదటిది కారింది. రెండోది కారింది. మూడోదాన్నుంచి చుక్క చుక్క పడింది. "దేనికి టీచరమ్మా, నెయ్యికేనా?" అన్నాడు. టీకి అన్నాను. "టీపొడికి ఇంత పరీక్షేటమ్మా!" అంటూనే నాలుగోది తిరగేశాడు. పడలేదు. అరనిమిషం అలాగే పట్టుకున్నాడు, పడలేదు. ఇప్పుడతనికి నాకంటే ఉత్సాహం వచ్చేసింది, ఐదోదీ ఆరోదీ తనకోసమే చూసుకున్నాడు. ఆ నాలుగోదే నా డబ్బా. లీటరు పడుతుంది, పావుకిలో ఆకుకి సరిగ్గా సరిపోయింది.

కొత్త స్టీలుకి ఒక నూనె వాసన ఉంటుంది, మెరుగు పెట్టేటప్పుడు అంటుకున్నది. చింతపండు వేసి తోమి, సబ్బుతో కడిగి, రోజంతా డాబా మీద ఎండబెట్టాను. అయినా నమ్మకం కుదరక, పాడైపోయిన గడ్డి ఆకు గుప్పెడు అందులో పోసి రెండు రోజులు మూత పెట్టి ఉంచి పారేశాను. ఉన్న కాస్త వాసనా అది పట్టుకుపోయింది. పాడైన టీకి కూడా ఒక పని దొరికింది.

ఆకు పొయ్యక ముందు, ఆగస్టులో, ఒక పరీక్ష పెట్టాను. గుప్పెడేసి మరమరాలు మూడింట్లో పోశాను: ఈ డబ్బా, పాత గాజుసీసా, నాలుగు పక్కలా నొక్కే ప్లాస్టిక్ డబ్బా. ఏడు రోజులు వంటింట్లోనే, రోజుకోసారి మూత తీసి పెడుతూ. సీసాలోవి ఏడో రోజుకి నమిలితే సాగాయి. ప్లాస్టిక్ డబ్బాలోవి పరవాలేదు గానీ అంతకుముందు అందులో ఉన్న మసాలా వాసన కొట్టాయి. స్టీలు డబ్బాలోవి కరకరలాడాయి. ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తరిగి వాటితోనే మా పాప ముంత మసాలా చేసేసింది, కాబట్టి పరీక్ష ఎనిమిదో రోజుకి సాగలేదు.

లోపలి మూత అదుముతుంటే గాలి బుస్సుమని తప్పుకోవడం చేతికి తెలుస్తుంది. తియ్యాలంటే చెంచా కాడతో మీటాలి. మొదట్లో గోరుతో లాగి వేలు కోసుకున్నాను, అంచు పదునుగా ఉంది. దానికి అర స్టారు తగ్గిద్దామనుకుని మానేశాను. డబ్బాని వంటింట్లోంచే తీసేసి, బియ్యం డ్రమ్ము ఉండే గదిలో కింది అరలో పెట్టాను. పొయ్యి వేడి తగలదు, వెలుతురు ఉండదు. ఆకు సగానికి వచ్చాక డబ్బాలో గాలి పెరుగుతుంది కాబట్టి అదే రకం చిన్నది, 90 రూపాయలది, ఇంకోటి కొన్నాను. వారానికి సరిపడా అందులోకి తీసుకుంటాను, పెద్దది వారానికోసారే తెరుస్తాను. తడి చెంచా పెడితే ఇంట్లో ఎవరితోనైనా గొడవే. కిందటి ఏడాది తెచ్చిన రెండో కోత పదో నెలలో కూడా ద్రాక్ష వాసన వదల్లేదు. అదే గ్రీన్ టీ అయితే అన్నాళ్లు ఆగకూడదు, అది త్వరగా చప్పబడుతుంది, చిన్న ప్యాకెట్టు కొని అవగొట్టడమే మేలు.

మా ఆయనకి పాల టీయే కావాలి, దాని గురించి రెండు ముక్కలు. ఒకసారి లూజు టీపొడి చవగ్గా తెచ్చారు. గిన్నెలో చన్నీళ్లు పోసి చిటికెడు పొడి వేయగానే ఎర్రటి రంగు గబగబా దిగింది. తడిపిన ఫిల్టర్ పేపరు మీద చల్లి, కాసేపాగి కుళాయి కింద కడిగితే, కాగితం మీద మరకలు పడ్డాయి. ఆహార భద్రతా సంస్థ ఇంట్లో చేసుకొమ్మని చెప్పిన పరీక్షే అది. రంగు కలపని పొడైతే కాగితం మీద మరక దాదాపు పడదు. ఆ పొట్లం మొత్తం చెత్తలో పడేసి, అప్పట్నుంచి ఆయనకి సీలు వేసిన ప్యాకెట్టే తెస్తున్నాను. అదీ డబ్బాలోనే.

టీపాట్‌కి మూడు స్టార్లు ఎందుకిచ్చానంటే, చుట్టాలు నలుగురు వస్తే అది పనికొస్తుంది, చూసినవాళ్లు ఒకసారి అడిగి తాగుతారు. ఒక్కరే తాగే ఇంట్లో మాత్రం వద్దు. బుట్ట చిల్లుల్లో ఇరుక్కున్న ఆకుకి పాత టూత్‌బ్రష్షు, గాజుకి పట్టిన గోధుమ రంగు మరకకి వంటసోడా చాలు.

మొన్న తమ్ముడు ఫోన్ చేసి, మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండక్కి సెలవు దొరికింది, ఎంత తెమ్మంటావని అడిగాడు. పావుకిలో చాలు, రెండో కోతే తే అన్నాను. చుట్టుపక్కలవాళ్లకి కూడా చెప్పాను డబ్బా సంగతి, ఆ కొట్టతను ఇప్పుడు అడగకుండానే తిరగేసి చూపిస్తున్నాడట. నేనైతే మొన్న ఇంకో చిన్నది కొన్నాను. అత్తయ్య చూసి "మళ్లీ టీకేనా?" అన్నారు. కాదు, ఆవిడ ఇంగువకి.